వీరగాథలోని రాక్షసుడు వెండితెరమీద

(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సినిమాలను గురించి కొంతసేపు మాట్లాడమని కార్యవర్గమువారు మమ్ములను కోరారు. తెలుగు సినిమాలను గురించి మాకంటే బాగా తెలిసినవారు ఈ సభలో కనీసము యాభైమంది వున్నారు. వారిలో సగముమంది మా మాటను మధ్యలోనే ఆపి సరిదిద్దగలవారు. అందుచేత మేము కొంచెము దూరముగా వెళ్ళి, ఉత్తర సముద్రపు ఒడ్డున పుట్టిన ఒక వీరగాథను, దానిని తెరకెక్కించిన మూడు నాలుగు చిత్రములను ఎన్నుకున్నాము. ఆ గాథపేరు బేయోవుల్ఫ్. పాత ఇంగ్లీషు భాషలో మనకు మిగిలిన వీరకావ్యములలో పెద్దది ఇదే. కాలేజీలో ఇంగ్లీషు ఎం.ఏ. చదివినవారికి ఈ పేరు వింటే పరీక్ష హాలు గుర్తుకు వస్తుంది. మన పిల్లలకు 2007లో వచ్చిన సినిమా గుర్తుకు వస్తుంది.

ఉగాదినాడు ఈ దొరల కథ మనకెందుకని వెనుక వరుసలో ఎవరో అనుకుంటూనే వుంటారు. ఒక్క సంగతి మనవి చేస్తే వారి సందేహము కొంత తీరుతుందని మా ఆశ. ఈ కావ్యము ఇంగ్లీషువారిదే గాని, ఇందులో ఇంగ్లండు లేదు. కథంతా డెన్మార్కులోను, స్వీడను దక్షిణ భాగములోను జరుగుతుంది. రాజు డేనుల రాజు. వీరుడు సముద్రమవతలి గీటు జాతివాడు. ఇంగ్లండులోని ఒక కొండ గాని, ఒక యేరు గాని ఈ కథలో అడుగు పెట్టదు. ఎందుకంటే దీనిని పాడినవారు వలస వచ్చినవారి బిడ్డలు. అయిదవ శతాబ్దము మొదలుకొని ఆ అవతలి ఒడ్డునుండి పడవలెక్కి బ్రిటను దీవికి వచ్చి, అక్కడే పొలములు దున్నుకుని, అక్కడే కాటికి పోయినవారు. వచ్చి ఎన్నో తరములు గడిచిన తరువాత కూడా, చలిరాత్రి నెగడుచుట్టూ కూర్చుంటే వారి నోటికి వచ్చినది తాము విడిచివచ్చిన ఒడ్డు కథే.

ఇది మనకు కొత్త సంగతి కాదు గదా! మనలో కొందరి తాతలు మగ్గము నమ్ముకుని షోలాపూరు చేరారు. మరికొందరి పెద్దలు బొంబాయి నగరము కట్టేటప్పుడు రాళ్ళు మోయడానికి వచ్చారు. ఆ కామాటీల పేరుమీదనే కామాఠీపుర అనే పేట నేటికీ వున్నది. పుట్టినప్పటినుండి తెలుగుదేశపు పొలిమేర చూడని ముసలమ్మలు కూడా మన ఇళ్ళలో బాలనాగమ్మ కథను కళ్ళారా చూచినట్లు చెబుతారు.

ఆ కావ్యము నేటి కాలముదాకా బ్రతికి రావడమే ఒక వీరగాథ. సుమారు క్రీ.శ. 1000 ప్రాంతములో ఇద్దరు లేఖకులు తోలుమీద వ్రాసిన ఒకే ఒక ప్రతి మిగిలింది. మొత్తము 3182 పంక్తులు. ఇంకొక ప్రతి ప్రపంచములో ఎక్కడా లేదు. 1731 అక్టోబరులో ఆ గ్రంథము వున్న లండను భవనము అంటుకున్నది. పుస్తకమును బయట పడవేయగలిగారు గాని, అంచులు కమిలిపోయి, ఆ తరువాత ఏటికేడు అక్షరములు రాలిపోసాగినవి. 1787 ప్రాంతములో డెన్మార్కు కొలువులో వున్న థోర్కెలిన్ అనే ఐస్‌లాండు పండితుడు వచ్చి, ఒకటి తన చేతితోను, ఒకటి కూలిమనిషి చేతితోను రెండు నకళ్ళు తీయించుకుని పోయాడు. ఇరవై ఏండ్లు శ్రమపడి దానిని అచ్చుకు సిద్ధము చేసుకుంటూ వుండగా, 1807లో ఇంగ్లీషు నౌకలు కోపెన్‌హేగెన్ నగరముమీద ఫిరంగులు పేల్చాయి. ఆయన ఇల్లు తగలబడింది, వ్రాసుకున్నదంతా బూడిద అయినది. నకళ్ళు మాత్రము దక్కాయి. ఆయన మళ్ళీ మొదటినుండి కూర్చుని 1815లో పుస్తకము వెలువరించాడు. మూలప్రతిలో రాలిపోయిన అక్షరములు ఎన్నో నేడు ఆ నకళ్ళలోనే దొరుకుతున్నవి. ఇంగ్లీషువారి కావ్యము ఇంగ్లీషువారి ఫిరంగులనుండి ఒక పరదేశి పెట్టెలో తప్పించుకున్నదన్నమాట.

మరొక విచిత్రము కూడా చెప్పాలి. ఆ ప్రతి వ్రాసిన రోజులలోనే డేనులు ఓడలమీద వచ్చి ఇంగ్లండును దోచుకుంటున్నారు. 1016లో క్నూట్ అనే డేను రాజు ఇంగ్లండు సింహాసనమే ఎక్కాడు. అటువంటి రోజులలో డేను రాజుల వైభవముతో మొదలయ్యే కావ్యమును ఇంగ్లీషు లేఖకులు ఓపికగా, అందమైన దస్తూరీతో ఎత్తి వ్రాశారు. వాకిట్లో శత్రువు వున్నా పెట్టెలోని పాతవూరి కథను పారవేయలేదు.

ఇక కథ. తెలిసినవారు క్షమించాలి, పిల్లలకోసము చెబుతున్నాము.

డేనుల రాజు హ్రోత్‌గార్ ఒక గొప్ప మందిరము కట్టించి దానికి హెయరోట్ అని పేరు పెట్టాడు. దుప్పి అని ఆ మాటకు అర్థము. డెన్మార్కులో లైర అనే పల్లెవద్ద 1980లలో తవ్వి చూస్తే 48 మీటర్లకు పైబడిన పొడవుగల మందిరపు గుంజల గుంతలు బయటపడ్డాయి; ఈ కథకు ఆధారము అటువంటి మందిరమే అయివుంటుందని పండితులు అంటారు. అందులో ప్రతి రాత్రి విందులు, బహుమానములు, గాయకుని పాట. ఆ పాట వెలుపల చిత్తడినేలలో తిరుగుతున్న గ్రెండెల్ చెవిని పడుతుంది. రోజూ ఆ సంతోషము వినడము వానికి బాధ అని కావ్యము చెబుతుంది. ఈ ముక్కను గుర్తుంచుకోవలసినదిగా కోరుతున్నాము. ఒకనాటి రాత్రి వాడు లోపలికి వచ్చి ముప్పదిమందిని చంపి పట్టుకుపోతాడు. అట్లా పన్నెండేండ్లు. అప్పుడు గీటుల దేశమునుండి బేయోవుల్ఫ్ పద్నాలుగుమంది తోడువారితో పడవమీద వచ్చి, వానికి లేని ఆయుధము నాకూ వద్దని వట్టి చేతులతో కలియబడి, వాని భుజము ఊడబెరికి మందిరపు కప్పుక్రింద వేలాడదీయిస్తాడు. గ్రెండెల్ పారిపోయి చస్తాడు.

మరునాటి రాత్రి తల్లి వస్తుంది. పుత్రశోకముతో వచ్చి, రాజుకు ప్రాణసమానుడైన మంత్రిని చంపి, కొడుకు చేతిని తీసుకుని పోతుంది. బేయోవుల్ఫ్ మడుగులోనికి దిగి, తెచ్చుకున్న కత్తి పనిచేయక, అక్కడి గోడకు వేలాడే రాక్షసుల కత్తి తీసి ఆమెను నరుకుతాడు. ఆ నెత్తురుకు కత్తి అలుగు మంచుగడ్డలా కరిగిపోతుంది.

ఇక్కడికి కథలో మూడింట రెండు వంతులు అయినది. తరువాత అతడు స్వదేశమునకు పోయి, కాలక్రమమున రాజై, 50 ఏండ్లు ఏలుతాడు. ముసలితనములో, 300 ఏండ్లుగా ఒక నిధిని కాస్తున్న అగ్నిసర్పము లేస్తుంది. ఎవడో దిక్కులేనివాడు ఒక గిన్నె దొంగిలించడము దానికి కారణము. ముసలిరాజు ఇనుప డాలు చేయించుకుని వెళ్తాడు. వెంట వచ్చిన వీరులలో పదిమంది అడవిలోకి పారిపోతారు. విగ్లాఫ్ అనే కుర్రవాడు ఒక్కడే నిలుస్తాడు. పాము చస్తుంది, రాజూ చస్తాడు. చితివద్ద ఒక స్త్రీ, ఇక మా జాతికి దిక్కెవరు, శత్రువులు వస్తారు, చెరపట్టుకుపోతారు అని ఏడుస్తుంది. సముద్రమువైపున కొండకొమ్ముమీద సమాధిదిబ్బ లేపుతారు. పన్నెండుమంది ఆశ్వికులు దానిచుట్టూ తిరుగుతూ రాజును కీర్తిస్తారు. కథ అయిపోయింది.

చాలాకాలము పండితులు ఈ కావ్యమునుండి చరిత్ర తవ్వుకోవాలని చూచారు. బేయోవుల్ఫ్ మేనమామ హిగెలాక్ చేసిన దండయాత్ర ఒక్కటి మాత్రము ఆరవ శతాబ్దములో నిజముగా జరిగినట్లు వేరే చరిత్రకారుని వ్రాతవల్ల తెలుస్తున్నది. మిగిలినదంతా పిల్లల కథ, రాక్షసులు పాములు ఏమిటని పెదవి విరిచేవారు. 1936లో టోల్కీన్ అనే ఆచార్యుడు ఒక ప్రసంగము చేసి ఆ ధోరణిని తిరగవేశాడు. రాక్షసులే ఈ కావ్యమునకు నడుము అన్నాడు. ప్రసంగమువల్ల లోకము మారడము అరుదు, అదొక ఉదాహరణ. (మా ప్రసంగముపై అటువంటి ఆశలు పెట్టుకోవద్దు.) ఆ మరుసటి ఏడు ఆయన వ్రాసిన హాబిట్ కథలోని నిధిపాము, దొంగిలించిన గిన్నె ఇక్కడినుండి వెళ్ళినవే.

రాక్షసుడెవరు? మన మట్టుకు ఇది పుస్తకములలోని ప్రశ్న కాదు. మన పిల్లలు ఒక ఏడు ఇదే వేదికమీద బాలనాగమ్మ కథ ఆడారు. బాలనాగమ్మను కుక్కగా మార్చి ఎత్తుకుపోయే మాయల మరాఠీ వేషము వేసిన కుర్రవానికి చప్పట్లు మిక్కిలిగా పడ్డాయి. ఆట ముగిశాక, పొరుగింటినుండి చూడ వచ్చిన పన్నెండేండ్ల మరాఠీ పిల్లవాడు మావద్దకు వచ్చి, "కాకా, ఆ దొంగ మరాఠీవాడే ఎందుకయ్యాడు?" అని అడిగాడు. కోపము లేదు, తెలుసుకోవాలని అడిగాడు. మనము మూడు తరములుగా ఈ గడ్డమీద ఉప్పు తింటున్నాము. వారి ముందర కూర్చుని వారి పేరుతో రాక్షసుని ఆడించాము. తరువాత కార్యవర్గములో పెద్ద చర్చ జరిగింది. మాయల ఫకీరు అని కూడా ఆ కథలో అనే వాడుక వున్నది, అదే వాడుదామన్నారు కొందరు. అది ఒక పొరుగువాని నెత్తిమీది బరువును దించి మరొక పొరుగువాని నెత్తిన పెట్టడమే గదా! ఉత్త మాంత్రికుడు అందామన్నారు ఇంకొందరు. అట్లా అంటే కథలో ఉప్పు పోతుందని ముసలమ్మలు ఒప్పుకోలేదు. 1942లో జెమినీవారి బాలనాగమ్మను పుల్లయ్యగారు తీసినప్పుడు, కాంచనమాల సరసన గోవిందరాజుల సుబ్బారావుగారు ఆ పాత్ర ధరించి జనమును జడిపించినప్పుడు, ఈ చర్చ ఎవరికీ తోచి వుండదు. అది తెలుగునేలమీద తెలుగువారు చూచుకున్న బొమ్మ. పొరుగూరికి వచ్చిన తరువాతనే కథలోని పేర్లు గుచ్చుకుంటాయి.

బేయోవుల్ఫ్ కథను తీసిన దర్శకులందరూ ఆ పిల్లవాని ప్రశ్నకే ఎవరికి తోచిన జవాబు వారు చెప్పారని మాకు అనిపించింది.

కావ్యము చెప్పే జవాబు ముందు చూడాలి. గ్రెండెల్‌కు కావ్యములో జాతిపేరు లేదు. తమ్ముని చంపి వెలివేయబడిన కయీను సంతతివాడు అంటుంది. సరిహద్దున తిరిగేవాడు అంటుంది. అంటే వాడు ఏ పొరుగు జాతివాడూ కాదు, మనుష్యుల పొత్తునుండి తొలగించబడినవాడు. అంతటితో ఆగలేదు. పాత ఇంగ్లీషులో భయంకరుడనే అర్థము వచ్చే ఒక మాట వున్నది. గ్రెండెల్‌ను ఆ మాటతోనే పిలుస్తుంది, పామును ఆ మాటతోనే పిలుస్తుంది, చివరి పోరులో బేయోవుల్ఫ్‌నూ పామునూ కలిపి ఇద్దరినీ ఆ ఒక్క మాటతోనే పిలుస్తుంది. చంపేవాడూ చచ్చేవాడూ ఒకే మాటక్రింద నిలబడ్డారు. ఆ కవి పేరు తెలియదు గాని, ఎంతటివాడో ఈ ఒక్కచోట తెలుస్తుంది.

ఇక చిత్రములు. 1981లో ఆస్ట్రేలియావారు గార్డనర్ వ్రాసిన నవలను పట్టుకుని, గ్రెండెల్ తానే కథ చెప్పుకుంటున్నట్లు ఒక బొమ్మల చిత్రము తీశారు. వానికి పీటర్ ఉస్టినోవ్ గొంతు ఇచ్చాడు. సరదాగా వుంటుంది. 1999లో క్రిస్టఫర్ లాంబర్టుతో తీసిన ఒక బేయోవుల్ఫ్ వున్నది. అందులో మందిరము ఇనుప యంత్రముల కర్మాగారములా వుంటుంది. దానిని గురించి ఇంతకంటే చెప్పడము కాలహరణము.

అదే 1999లో వచ్చిన ద థర్టీన్త్ వారియర్ సంగతి వేరు. మెక్‌టీర్నన్ దర్శకుడు, మైకేల్ క్రైటన్ నవల ఆధారము. కోట్ల డాలర్లు పోసి తీస్తే చేతులు కాలినవి. విమర్శకులు కూడా మెచ్చలేదు. మాకు మాత్రము ఈ చిత్రములన్నిటిలో అదే ఇష్టము. ఇష్టానికి కారణము కూడా దాచము. అందులో కథ చెప్పేవాడు పరదేశి. ఇబ్న్ ఫద్లాన్ అనే అరబ్బు నిజముగా వుండినవాడు. 921లో బాగ్దాదు ఖలీఫా పంపిన రాయబారములో వోల్గా నదివైపు వెళ్ళి, అక్కడ చూచిన ఉత్తరదేశపు వర్తకుల తీరుతెన్నులను, వారు తమ నాయకుని ఓడలో పెట్టి దహనము చేసిన విధమును వ్రాసిపెట్టాడు. నవలాకారుడు ఆ మనిషిని తీసుకువచ్చి బేయోవుల్ఫ్ కథలో పడవేశాడు. కాలము, దేశము అతకవు. కథలో మాత్రము చక్కగా ఇమిడింది.

ఆ చిత్రములో ఒక ఘట్టమున్నది. ప్రయాణములో ప్రతి రాత్రి నెగడువద్ద పన్నెండుమంది వీరులు తమ భాషలో నవ్వుకుంటూ వుంటారు. అరబ్బు ఒక ప్రక్క కూర్చుని వారి నోళ్ళవైపే చూస్తూ వుంటాడు. మొదటి రాత్రి ఒక్క మాట తెలియదు. రాత్రులు గడిచేకొద్దీ మధ్య మధ్య ఒక మాట తెలుస్తుంది, తరువాత సగము వాక్యము. ఒకనాడు వారిలో ఒకడు అతని తల్లిని గురించి ఎకసక్కెముగా అంటే, అతడు వారి భాషలోనే దులిపివేస్తాడు. ఎక్కడ నేర్చావని అడిగితే, విన్నాను అంటాడు. అంతే. బడి లేదు, పంతులు లేడు. ఈ సభలో వున్న మొదటి తరము పెద్దలకు ఆ ఘట్టము వివరించి చెప్పనక్కరలేదు. మిల్లు గేటువద్ద, కూరగాయల అంగడివద్ద, మంగలి దుకాణమువద్ద మరాఠీ ఎట్లా వచ్చిందని వారిని అడిగితే చెబుతారు.

ఆ చిత్రములో రాక్షసులు మనుష్యులే. ఎలుగుతోళ్ళు కప్పుకుని గుహలలో వుండే ఒక తెగ. అగ్నిసర్పమంటే పొగమంచులో కాగడాలు పట్టుకుని కొండ దిగివచ్చే గుర్రపు వరుస. దూరమునుండి చూచి పాము అని వణికినవారు దగ్గరకు వచ్చేసరికి మనుష్యులు అని తెలుసుకుంటారు. మంచి ఊహ! కాని అక్కడే ఒక ఇబ్బంది కూడా వున్నది. మనుష్యులని తెలిసిన తరువాత కూడా వారిని నరకడములో ఎవరికీ చేయి తొణకదు. వారెవరు, ఎందుకు వచ్చారు అని ఒక్క పాత్ర అయినా అడుగదు. రాక్షసుడు మనిషి అయినాడు గాని, పొరుగువాడు కాలేదు.

అడిగిన చిత్రము 2005లో వచ్చింది. బేయోవుల్ఫ్ అండ్ గ్రెండెల్ దానిపేరు. దర్శకుడు స్టుర్లా గున్నార్సన్ ఐస్‌లాండులో పుట్టి కెనడాలో స్థిరపడినవాడు, అంటే మనబోటివాడు. చిత్రమును ఐస్‌లాండులోనే తీశాడు. ఆ గాలి, ఆ నల్లని ఇసుక, ఆ వానలు వేసిన రంగములు కావు. నటుల ముఖములే చెబుతాయి. కథ పసివాడైన గ్రెండెల్‌తో మొదలవుతుంది. డేనుల రాజు వాని కళ్ళముందే వాని తండ్రిని చంపుతాడు. పసివాడని వానిని విడిచిపెడతాడు. ఆ జాలియే తరువాత కొంపలమీదికి వస్తుంది. పెరిగిన గ్రెండెల్ డేను యోధులను చంపుతాడు గాని, బేయోవుల్ఫ్‌మీదికి రాడు, ఎందుకంటే బేయోవుల్ఫ్ వానికి ఏ అపకారము చేయలేదు. వీరుడు యుద్ధమునకు పిలుస్తున్నాడు, రాక్షసుడు నీతో నాకు పగలేదని ప్రక్కకు పోతున్నాడు! వీరుని చేతిలోని కత్తికి ఏమి చేయాలో తోచదు. ఒక తోడువాడు వాని తండ్రి పుర్రెను పగులగొట్టిన తరువాతనే వాడు వీరిమీదికి వస్తాడు.

పొరుగు పిల్లవాని ప్రశ్నకు ఇది నిజాయితీగల జవాబు. వాడు అట్లా కావడానికి ముందు మనము చేసినదేమిటి అని అడిగింది. అయితే లెక్క మరీ తేలికగా కుదిరిపోయింది. తండ్రిని చంపారు, కొడుకు పగ తీర్చుకున్నాడు. కారణము చెప్పేసరికి భయము పోయింది. కావ్యములో గ్రెండెల్ బాధ వేరు. వానిని ఎవరూ కొట్టలేదు. లోపల పాట జరుగుతున్నది, తాను బయట వున్నాడు, అంతే. పరాయి ఊరి పండుగ దీపములను కిటికీలోనుండి చూచినవారికి ఆ బాధకు కారణము చెప్పనక్కరలేదు. తండ్రి హత్య అనే కారణము దానిని పెంచలేదు, తగ్గించింది.

2007 నాటి చిత్రము మీలో చాలమంది చూచినదే. జెమెకిస్ దర్శకత్వము. నటుల కదలికలను యంత్రములతో పట్టి, కంప్యూటరులో బొమ్మలు చేసి నడిపించారు. స్థూలకాయుడైన రే విన్‌స్టన్ కండలు తిరిగిన వీరుడుగా కనపడడము ఆ మాయవల్లనే. పాత రోజులలో కత్తికాంతారావుగారికి అటువంటి సౌకర్యము అక్కరలేకపోయింది. ఆంథోనీ హాప్కిన్స్ ముసలిరాజు, ఏంజెలీనా జోలీ రాక్షసి. ఇందులో కథకులు నీల్ గైమన్, రోజర్ ఎవరీ చేసిన మార్పు గట్టిది. గ్రెండెల్ హ్రోత్‌గార్ రాజుకు ఆ జలరాక్షసివల్ల పుట్టిన బిడ్డ. బేయోవుల్ఫ్ ఆమెను చంపానని అబద్ధము చెప్పి, రాజ్యము పుచ్చుకుంటాడు. చాలా ఏండ్ల తరువాత వచ్చే అగ్నిసర్పము అతని కొడుకు. అంటే సరిహద్దున తిరిగేవాడు పరాయివాడు కాడు, ఇంటివాడే, పెద్దలు దాచిన తప్పే.

తెలివైన ఊహ అని ఒప్పుకోవాలి. కావ్యములో విడివిడిగా వున్న రెండు భాగములకు ఒక ముడి పడింది. కాని ఆ ముడికోసము వీరుని అబద్ధాలకోరును చేయవలసి వచ్చింది. ఈ కాలపు వారికి మచ్చలేని వీరుడంటే నమ్మకము లేదు. లోపల ఏదో వుండే వుంటుందని గోకి చూస్తారు. కావ్యములోని బేయోవుల్ఫ్‌కు మచ్చలు లేవా అంటే వున్నాయి. గొప్పలు చెప్పుకుంటాడు, ముసలితనములో ఒంటరిగా పామును పట్టాలనే పంతానికి పోయి రాజ్యమును దిక్కులేనిది చేస్తాడు. అవి వీరునికి సహజమైన మచ్చలు. వాటిని వదిలి సినిమావారు కొత్తది తగిలించారు.

ఆ చిత్రములో మరొక సంగతి మా మనస్సును పట్టుకున్నది. వీరులందరూ నేటి ఇంగ్లీషు మాట్లాడుతారు. గ్రెండెల్ నోట, వాని తల్లి నోట మాత్రము పాత ఇంగ్లీషు మాటలు వినిపిస్తాయి. వాడు చేయి పోగొట్టుకుని గుహకు వచ్చినప్పుడు తల్లి వానిని పలుకరించేది ఆ భాషలోనే. వెయ్యేండ్లనాడు ఆ మందిరములో అందరూ పాడుకున్న కావ్యభాష, మందిరమునుండి వెళ్ళిపోయి, చివరకు మడుగులో తల్లీకొడుకుల మధ్య మిగిలింది. ప్రేక్షకులకు అది రాక్షసభాషగా వినబడాలని పెట్టి వుంటారు. మాకు అట్లా వినబడలేదు. మన ఇళ్ళలో చూడండి. పిల్లలు బడిలో మరాఠీ, ఇంగ్లీషు, వీధిలో హిందీ. తెలుగు వంటింటిలో, అది కూడా అమ్మ కోప్పడినప్పుడు.

ఇన్ని చిత్రములు చూచిన తరువాత మాకు మిగిలిన ఫిర్యాదు ఒక్కటే. రాక్షసుడెవరనే ప్రశ్నమీదనే అందరూ తమ తెలివంతా ఖర్చుపెట్టారు. ఒకరు అడవితెగ అన్నారు, ఒకరు అన్యాయమైపోయినవాడు అన్నారు, ఒకరు మన బిడ్డే అన్నారు. ఆ జవాబులు మేము చెప్పవలసిన జవాబుకు పనికివచ్చాయి. పొరుగు పిల్లవానితో తరువాత మాట్లాడినప్పుడు మాకు కొంత తోడు అయినాయి కూడా. కాని కావ్యము చివర వంతులో వేరే ప్రశ్న వున్నది. రాక్షసులు చచ్చారు సరే, ఈయన పోతే మన గతి ఏమిటి? చితివద్ద ఏడ్చే ఆ స్త్రీకి పేరు లేదు. ఆమె భయపడినట్లే గీటు జాతి తరువాత చరిత్రలో వేరే జాతులలో కలిసిపోయింది. వారి గొప్ప రాజు కథ వారి భాషలో మిగలలేదు. సముద్రము దాటి వెళ్ళినవారి బిడ్డలు, వేరే దీవిలో, తమ భాషలో పాడితే మిగిలింది.

2005 చిత్రము ఆ చివర వంతును ముట్టుకోనే లేదు. 2007 చిత్రము ముట్టుకుని, పామును గాలిలో ఎగురవేసి, వంతెనలు కూల్చి, ఆ స్త్రీని మరిచిపోయింది. థర్టీన్త్ వారియర్ ఒక్కటి దాని ఛాయకు పోయింది. విషమెక్కిన నాయకుడు కూర్చున్నచోటనే ప్రాణము విడిచే ముందు, ఆస్తి లేకుండా చచ్చినా తన పనులను ఎవరైనా వ్రాసిపెడితే చాలునని అరబ్బుతో అంటాడు. అతనికి వ్రాత రాదు. వ్రాత వచ్చినవాడు పరాయివాడు. ఆ పరాయివాడు సరేనంటాడు.

యువజన విభాగమువారు వేసవి సెలవులలో ఈ చిత్రములలో ఒకటి మన హాలులో వేయాలని కోరుతున్నారు. మా అభిప్రాయము అడిగారు గనుక చెబుతున్నాము. మూడింటిలోను నెత్తురు ధారాళము. 2005 దానిలో బూతులు ఎక్కువ, 2007 దానిలో రాక్షసి వేషము తల్లిదండ్రులప్రక్కన కూర్చుని చూచేది కాదు. కాబట్టి థర్టీన్త్ వారియర్ వేసుకోవచ్చు, అదీ పెద్ద పిల్లలకే. ఈ వేదికమీద ఆ పొరుగు పిల్లవానిని కూడా పిలిచి, అంతకుముందు మూడు సాయంత్రములు కథనే నోటితో చెబుదామని అనుకున్నాము. గ్రెండెల్ భాగము మేము చెబుతాము. తల్లి భాగము చెప్పడానికి మహిళామండలిలో ఒక అమ్మగారు ఒప్పుకున్నారు. ముసలిరాజు భాగమునకు ఇంకా ఎవరూ దొరకలేదు. డెబ్బై దాటిన పెద్దలు ఎవరైనా చెబితే బాగుంటుంది. పుస్తకము మేము ఇస్తాము, తెలుగులో మీ ధోరణిలో చెప్పవచ్చు. ఇష్టమైనవారు భోజనములకు లేచే ముందు కార్యదర్శిగారివద్ద పేరు వ్రాయించవలసినదిగా ప్రార్థన.